పరాయి చేలో ప్రాణం పోతే బాధ్యత ఎవరిది?

మొక్కజొన్న కంకులు పాలుపోసుకునే రోజుల్లో జిల్లా పేజీల్లో ఒక రకం వార్త మళ్లీ మళ్లీ వస్తుంది. అడవి పందుల కోసం చేను చుట్టూ పెట్టిన కరెంటు తీగ తగిలి ఫలానా ఊరి మనిషి మృతి. నాలుగు వాక్యాల్లో అయిపోతుంది. ఈసారి అది మా పక్క ఊళ్లో జరిగింది. చనిపోయినాయన రాత్రి మోటారు ఆపడానికి బయల్దేరి, తన చేలోకి చేరేలోపే పక్కవాళ్ల గట్టు మీద పడిపోయాడు. పోలీసులు వచ్చారు, పంచనామా రాశారు, తీగ చుట్టి పట్టుకెళ్లారు.

నన్ను నిద్రపోనివ్వనిది ఆ తర్వాత విన్న మాట. "రాత్రిపూట పరాయి చేలోకి అతనికేం పని? వాళ్ల చేను, వాళ్ల తీగ." అన్నది నాకు వరసకు పెదనాన్న అయ్యే మనిషి. ఊళ్లో నలుగురి తగాదాలు తీర్చేవాడు, ఎవరికీ అన్యాయం జరగనివ్వడని పేరున్నవాడు. టీ కొట్టు దగ్గర పదిమంది ఉన్నారు, ఒక్కరూ అడ్డు చెప్పలేదు. పొద్దున్నే శవం దగ్గర కళ్లు తుడుచుకున్నవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు.

మంచివాళ్ల నోట కూడా ఈ మాట ఇంత సులువుగా ఎందుకు వస్తుందన్నదే నా బాధ. స్థలం నాదైతే, పిలవకుండా వచ్చినవాడికి ఏమైనా నాకు సంబంధం లేదన్న నమ్మకం మనలో చాలా లోతుగా ఉంది. అది తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఒక స్థలంలో ప్రమాదం ఉందని ఎవరికి తెలుసో, అక్కడికి మనుషులు వస్తారని ఎవరికి తెలుసో, బాధ్యత వాళ్లది. వచ్చినవాడు చుట్టమా, కూలీయా, దారిన పోయేవాడా అన్నది ఆ తర్వాతి సంగతి.

గట్టు ఎక్కని వాడెవడు?

ముందు ఈ "పరాయి చేను" సంగతి చూద్దాం. మా వైపు చాలా పొలాలకు సొంత దారి లేదు. డొంక దాకా ట్రాక్టరు వస్తుంది, అక్కణ్నుంచి నాలుగైదు చేల గట్ల మీద నడిస్తే తప్ప మన చేను రాదు. మా చేలోకి వెళ్లాలంటే ముగ్గురి గట్లు తొక్కాలి. మా గట్టు తొక్కకుండా వెళ్లలేనివాళ్లు ఇంకో ఇద్దరున్నారు. తాతల నాటి నుంచీ ఇంతే. ఎవరూ ఎవర్నీ అనుమతి అడగరు, అడిగితే నవ్వుతారు. అలా ఏళ్ల తరబడి నడిచిన దారికి 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలో హక్కు కూడా పుడుతుంది.

మడవ తిప్పడానికి వెళ్లేవాళ్లు, తప్పిపోయిన గేదె కోసం వెతికేవాళ్లు, గొర్రెలు తోలుకెళ్లేవాళ్లు, చెంబు పట్టుకుని వెళ్లేవాళ్లు, వానాకాలం వాగులో చేపల కోసం బయల్దేరే కుర్రాళ్లు. పొలాల్లో రాత్రిపూట తిరిగేది వీళ్లు. కరెంటు ఎప్పుడిస్తే అప్పుడు లేచి వెళ్లాల్సిన కాలం మొన్నటిదాకా ఉంది, చాలామందికి ఆ అలవాటు ఇంకా పోలేదు. వీళ్లలో దొంగ ఎవరు? చట్టం లెక్కలో కూడా వీళ్లు నేరస్తులు కారు. అక్రమ ప్రవేశం నేరం కావాలంటే, వచ్చినవాడికి ఇంకో నేరం చేయాలనో, అక్కడున్నవాళ్లను బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో ఉద్దేశం ఉండాలి. పాత శిక్షాస్మృతి ఐపీసీ 441వ సెక్షన్ చెప్పింది అదే, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్ 329 చెప్పేదీ అదే. గట్టు దాటినంత మాత్రాన నేరం కాదు.

పోనీ, నిజంగా దొంగే అనుకుందాం. నాలుగు మొక్కజొన్న పొత్తులు విరుచుకుపోవడానికి వచ్చిన కుర్రాడే అనుకుందాం. ఆస్తి కాపాడుకునే హక్కు చట్టంలో ఉంది, కాదనను. కానీ ఆ హక్కుతో ప్రాణం తీయడం దాకా వెళ్లాలంటే దోపిడీ, రాత్రిపూట ఇంటికి కన్నం వేయడం, నివాసానికి నిప్పు పెట్టడం లాంటి సందర్భం ఉండాలి, లేదా ఎదుటివాడి వల్ల మనకే చావో తీవ్ర గాయమో తప్పదన్న భయం ఉండాలి. పొత్తుల దొంగ వల్ల ఆ భయం లేదు. తీగకైతే భయమంటేనే తెలియదు. ఎవరొచ్చారో, ఎందుకొచ్చారో అది చూడదు.

60 ఏళ్ల కిందటే తేలిన సంగతి

ఇది కొత్త వాదమేమీ కాదు. చెరుబిన్ గ్రెగరీ వర్సెస్ స్టేట్ ఆఫ్ బిహార్ అని సుప్రీంకోర్టు 1963లో ఇచ్చిన తీర్పు ఉంది. లా చదివిన ప్రతివాళ్లకూ తెలుసు, ఊళ్లో ఒక్కరికీ తెలియదు. అందులోని సంగతులు చదివితే నాకు ఇప్పటికీ మనసు అదోలా అయిపోతుంది.

బిహార్‌లో ఒకాయన ఇల్లు. పక్కింట్లో ఉండే ఒక స్త్రీ వాళ్ల మరుగుదొడ్డి గోడ కూలిపోయింది. వారం రోజులుగా అది బయటికి కనిపిస్తూ ఉంది. వేరే దారి లేక ఆమె, ఇంకొందరు ఈయన మరుగుదొడ్డి వాడుకోవడం మొదలుపెట్టారు. ఈయనకు ఒళ్లు మండింది. రావద్దని చెప్పాడు, వినలేదు. అప్పుడు దొడ్డికి వెళ్లే దారికి అడ్డంగా రాగి తీగ కట్టాడు. తొడుగు లేని తీగ. ఇంటి వైరింగ్ నుంచి దానికి కరెంటు ఇచ్చాడు. తీగలో కరెంటు ఉందని ఎవరికీ చెప్పలేదు, బోర్డు పెట్టలేదు. 1959 జూలైలో ఒక రోజు ఆమె తీగ తగలకుండానే లోపలికి వెళ్లగలిగింది. తిరిగి వస్తూ ఉంటే చెయ్యి తగిలింది. కాసేపటికే చనిపోయింది.

కోర్టులో ఆయన వాదన అచ్చంగా మా పెదనాన్న వాదనే. నా స్థలం, వద్దని చెప్పాను, వచ్చింది, ఆస్తి కాపాడుకునే హక్కు నాకుంది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అనుమతి లేకుండా వచ్చినంత మాత్రాన మనిషి చట్టం రక్షణ కోల్పోడు అంది. ఎదురుపడి కొట్టే హక్కు ఎలా లేదో, తీవ్రమైన హాని జరుగుతుందని తెలిసీ స్థలంలో ఏదో పెట్టి, దాని ద్వారా దెబ్బతీసే హక్కు కూడా అలాగే లేదంది. నిర్లక్ష్యంతో చావుకు కారణమైనందుకు ఐపీసీ 304ఎ కింద పడిన శిక్షను ఖాయం చేసింది.

ఆమె అక్కడికి ఎందుకెళ్లింది? గోడ కూలింది కాబట్టి. పరాయి చోటికి వెళ్లేవాళ్ల వెనక చాలాసార్లు ఇలాంటిదే ఏదో ఉంటుంది. వాళ్లది దురాశ కాదు, అవసరం.

ఇంగ్లండ్‌లో దీనికన్నా పాత కేసు ఒకటుంది, బర్డ్ వర్సెస్ హోల్‌బ్రూక్, 1828 నాటిది. గోడ కట్టిన తోటలో ట్యులిప్ పూలు పెంచే ఒకతను దొంగల కోసం లోపల స్ప్రింగ్ గన్ అమర్చాడు, అంటే తీగ తగిలితే దానంతటదే పేలే తుపాకీ. హెచ్చరిక బోర్డు కావాలనే పెట్టలేదు, పెడితే దొంగ దొరకడని. ఇరుగింటి వాళ్ల నెమలిపెట్ట తప్పించుకుని ఆ తోటలో దూరితే, దాన్ని పట్టివ్వడానికి 19 ఏళ్ల కుర్రాడు గోడ దూకాడు. దొంగ కోసం పెట్టిన తుపాకీ సాయం చేయబోయిన వాడి కాలిని ఛిద్రం చేసింది. కోర్టు నష్టపరిహారం ఇప్పించింది. ఆ తీర్పుకు ముందే, 1827లో, బ్రిటిష్ పార్లమెంటు అలాంటి తుపాకుల్ని నిషేధించింది. రాత్రిపూట నివాస గృహం లోపల మాత్రం మినహాయింపు ఇచ్చింది.

రెండు వందల ఏళ్ల కిందటి ఆ తుపాకీకీ, మన చేను చుట్టూ తిప్పిన జీఐ వైరుకూ నాకు తేడా కనిపించదు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా అడవిలో కూంబింగ్‌కు వెళ్లిన గ్రేహౌండ్స్ జవాను వేటగాళ్లు పెట్టిన కరెంటు తీగ తగిలి చనిపోయాడు. 2022లో కేరళలోని పాలక్కాడ్‌లో ఇద్దరు పోలీసులు పంది కోసం పెట్టిన తీగకే బలయ్యారు. తీగ పెట్టిన రైతే పొద్దున స్విచ్ తీయడం మరిచిపోయి, తన చేలోనే పడి చనిపోయిన సంగతులు మా చుట్టుపక్కల ఊళ్లలో ఎవర్ని అడిగినా చెబుతారు.

ఉచ్చు పెట్టకపోతే చాలా?

ఇక్కడ నాకు ఆ చెరుబిన్ గ్రెగరీ తీర్పుతోనే ఒక పేచీ ఉంది. అనుమతి లేకుండా వచ్చినవాడు తన రిస్క్ మీద వస్తాడని, అతని క్షేమం కోసం జాగ్రత్తలు తీసుకునే బాధ్యత స్థలంలో ఉన్నవాడికి లేదని కూడా ఆ తీర్పే అంటుంది. కావాలని ఉచ్చు పెట్టకూడదు, మనుషులు వస్తారని తెలిసీ లెక్కలేనట్టు ప్రవర్తించకూడదు, అంతవరకే. అంటే తీగ పెడితే నేరం. మరి పాడుబడ్డ బావికి ఒర లేకపోతే? క్వారీ తవ్వి వదిలేసిన గుంతలో వాన నీళ్లు నిండి, ఎండాకాలం పిల్లలు ఈతకు దిగితే? అక్కడ ఎవరూ ఏమీ "పెట్టలేదు", అలా వదిలేశారంతే. మన ఊళ్లలో పిల్లలు ఎక్కువగా పోయేది ఇలాంటి చోట్లే.

ఇంగ్లండ్ ఈ దశ దాటడానికి చాలా కాలం పట్టింది. 1929లో స్కాట్లండ్‌కు చెందిన ఒక కేసులో, బొగ్గు గని వాళ్ల స్థలంలో తిరిగే చక్రంలో పడి నాలుగేళ్ల పిల్లవాడు చనిపోయాడు. ఆ స్థలం మీదుగా జనం రోజూ నడుస్తారని గని వాళ్లకు తెలుసు. అయినా పిల్లవాడు అనుమతి లేకుండా వచ్చాడు కాబట్టి వాళ్లకు బాధ్యత లేదన్నారు. 1972 నాటికి హెరింగ్టన్ కేసు వచ్చింది. కరెంటు పట్టాలున్న రైల్వే లైన్, పక్కనే పిల్లలు ఆడుకునే మైదానం. మధ్యనున్న కంచె తెగి, జనం దాన్ని తొక్కుకుంటూ దగ్గర దారిగా వాడుతున్నారు. పిల్లలు పట్టాల మీదికి వస్తున్నారని స్టేషన్ మాస్టరుకు అంతకుముందే కబురు అందింది. కంచె మాత్రం ఎవరూ బాగుచేయలేదు. ఆరేళ్ల పిల్లవాడికి ఒళ్లు తీవ్రంగా కాలింది, ప్రాణం మాత్రం దక్కింది. ఈసారి అప్పట్లో అక్కడ అత్యున్నత కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ మనసు మార్చుకుంది. పిలవని వాడి పట్ల కూడా మనిషన్నవాడికి ఉండాల్సిన కనీస మానవత్వం చూపాలంది.

1984లో దాన్నే చట్టం చేశారు. ఆ చట్టంలో నాకు నచ్చింది దాని సూటిదనం. అది మూడు ప్రశ్నలు అడుగుతుంది. ప్రమాదం ఉందని నీకు తెలుసా, లేక తెలిసి ఉండాలా? మనుషులు అటు వస్తారని తెలుసా? ఆ ప్రమాదం నుంచి వాళ్లను కాపాడటానికి నువ్వేదైనా చేసి ఉంటావని ఆశించడం సబబేనా? మూడింటికీ అవునంటే నీకు బాధ్యత ఉన్నట్టే. వచ్చినవాడికి పర్మిషన్ ఉందా అన్న ప్రశ్నతో ఆ బాధ్యత కొట్టుకుపోదు.

మన దేశంలో ఇలాంటి చట్టం లేదు. కోర్టులు కేసు కేసుకీ నెట్టుకొస్తున్నాయి. బోరుబావుల విషయంలో మాత్రం సుప్రీంకోర్టు 2010లో గట్టిగానే ముందుకొచ్చింది. బోరు వేయడానికి 15 రోజుల ముందు స్థల యజమాని రాతపూర్వకంగా తెలియజేయాలి, చుట్టూ ముళ్లకంచె వేయాలి, కేసింగ్ చుట్టూ సిమెంటు దిమ్మె కట్టాలి, పైపుకు ఉక్కు మూత వెల్డింగ్ చేయాలి లేదా బోల్టులతో బిగించాలి, వదిలేసిన బోరును అడుగు నుంచి పైదాకా మట్టితో పూడ్చాలి. ఆ ఆదేశాల్లో ఎక్కడా "ఆ పాప అక్కడికి ఎందుకెళ్లింది" అన్న ప్రశ్నే లేదు. పిల్లలన్నాక వస్తారు, అంతే. అయినా 2017లో చేవెళ్ల దగ్గర, 2020లో మెదక్ జిల్లాలో పసిపిల్లలు బోరుబావుల్లో పడి చనిపోయారు. 2017లోనే వినుకొండ వైపు ఒక పిల్లవాణ్ని రాత్రంతా తవ్వి ప్రాణాలతో తీశారు, రాష్ట్రమంతా ఊపిరి పీల్చుకుంది. మూత ఖరీదు ఎంతని?

పిలిచినవాళ్ల సంగతి మాత్రం ఏం గొప్పగా ఉంది? ఒక పెళ్లికి వెళ్లాను. ఫంక్షన్ హాలు వెనక, వంటశాలకు వెళ్లే దారిలో సంపు ఉంది. మూత పగిలిపోయిందట, మీద ప్లైవుడ్ ముక్క వేసి, ఆ పైన ఎర్ర కార్పెట్ పరిచారు. సాంబారు గుండిగ మోసుకెళ్తున్న కుర్రాడి కాలు అందులో దిగిపోయింది. మోకాలి చిప్ప చిట్లింది, తొడ మీద సాంబారు పడింది. మేనేజర్‌ను నిలదీస్తే ఆయన అన్నది ఇదీ: "అటు గెస్టులు రారు సార్, అది వంటవాళ్ల దారి." గెస్టు అయితే ఆయన బాధపడేవాడు కాబోలు. ఆ కుర్రాడిని క్యాటరింగ్ వాళ్లు తెచ్చారు, హాలు వాళ్లకు సంబంధం లేదు. క్యాటరింగ్ వాళ్లేమో సంపు మాది కాదు కదా అన్నారు. ఆసుపత్రి ఖర్చుకు పెళ్లికూతురి తండ్రి జేబులోంచి డబ్బు తీసిచ్చాడు, ఆ రోజు ఏ బాధ్యతా లేని ఒకే ఒక్క మనిషి ఆయనే.

డబ్బు కట్టి వచ్చినవాళ్లకైతే వినియోగదారుల కోర్టుంది. ఢిల్లీలోని ఒక పెద్ద హోటల్లో వాలే పార్కింగ్‌కు ఇచ్చిన కారు 1998లో పోతే, "కారు యజమానిదే రిస్క్" అని టోకెన్ మీద రాశామన్న వాదన సరిపోదని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. జాగ్రత్త తీసుకున్నామని ముందు హోటలే చూపించుకోవాలంది. కారుకు అంత భద్రత వచ్చింది, సంతోషం. సాంబారు మోసే కుర్రాడి మోకాలికి కూడా అంతే సూటిగా చెప్పే చట్టం కావాలంటున్నాను.

బాబాయ్ అడిగిన ప్రశ్న

ఇదంతా చెప్పడం తేలికే. మా రెండున్నర ఎకరాలు కౌలుకు చేసే బాబాయ్ దగ్గర ఇదే మాట ఎత్తాను. ఆయన చాలాసేపు విన్నాడు. తర్వాత చేలోకి తీసుకెళ్లి చూపించాడు.

గట్టు పొడుగునా కర్రలు పాతి పాత చీరలు కట్టి ఉన్నాయి, రంగురంగులవి, ఎండకు వెలిసిపోయి. వాటి కింద మట్టిలో నల్లగా ఏదో కనిపిస్తే వంగి చూశాను, జుట్టు. మంగలి షాపు నుంచి సంచుల్లో తెచ్చి చల్లుతారు. పంది మట్టిని వాసన చూస్తూ వస్తుంది కదా, వెంట్రుక ముక్కులోకి వెళ్తే వెనక్కి తిరుగుతుందని. కొన్నాళ్లు తిరిగిందట. మంచె మీద చిన్న స్పీకరు, అందులో కుక్కల అరుపులు రికార్డు చేసి పెట్టారు. పందులు దానికీ అలవాటుపడ్డాయి. చేను మధ్యలో ఒక మూల మొక్కజొన్న మొత్తం రోలర్ తిప్పినట్టు నేలకు అంటుకుని ఉంది. కంకులు సగం కొరికి వదిలేశాయి. ఒక్క రాత్రి పని.

"నువ్వు చెప్పేది న్యాయమే అబ్బాయ్. మరి నా అప్పు ఎవరు కడతారు? పందిని చంపితే ఫారెస్టోళ్లు కేసు పెడతారు. నష్టపరిహారం అడుగుదామంటే పట్టా ఎవరి పేరు మీద ఉందంటారు. నేను తీగ పెట్టలేదు, పెట్టను కూడా. కానీ పెట్టినవాణ్ని రాక్షసుడు అనకు."

అనను. ఈ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. తీగ పెట్టే రైతుల్లో చాలామందికి చంపాలన్న ఆలోచన ఉండదు. పంట పోతుందన్న భయం ఉంటుంది, తెల్లారగానే తీసేస్తాను కదా అన్న ధీమా ఉంటుంది. మనిషి పోయాక వాళ్ల కుటుంబమూ నాశనమవుతుంది. ఒకవైపు జైలు, ఇంకోవైపు పెద్దమనుషుల పంచాయితీలో ఒప్పుకున్న లక్షల కోసం ఉన్న పొలం చెక్క అమ్ముకోవడం. పాత 304ఎలో గరిష్ఠ శిక్ష రెండేళ్లు, ఇప్పటి బీఎన్‌ఎస్ 106లో అది అయిదేళ్లకు పెరిగింది. ప్రాణం పోవచ్చని తెలిసీ చేశాడని 105 కింద పెడితే పదేళ్ల దాకా వెళ్లొచ్చు. శిక్ష పెంచినంత మాత్రాన తీగలు ఆగుతాయని నేను అనుకోవడం లేదు.

కానీ పందికీ మనిషి ప్రాణానికీ మధ్య ఇంకో దారి లేకపోతే కదా ఈ వాదన నిలబడేది. ఉంది. సోలార్ ఫెన్సింగ్‌లో వాడే ఎనర్జైజర్, అంటే కంచెలోకి కరెంటు పంపే పెట్టె, బ్యాటరీ మీద నడుస్తుంది. సుమారు సెకనుకొకసారి ఒక దెబ్బ కొడుతుంది. వోల్టేజీ వేలల్లో ఉన్నా ఆ దెబ్బ ఉండేది సెకనులో వందో వంతు కూడా కాదు. తగిలినవాడు ఉలిక్కిపడి చెయ్యి తీసేసుకోగలడు, పంది కూడా అంతే. ఎల్‌టీ లైను మీద, అంటే స్తంభాల మీది మామూలు కరెంటు తీగల మీద, కొండీ తగిలించి తెచ్చిన కరెంటు అలా కాదు. అది ఆగకుండా పారుతుంది, కండరాలు బిగుసుకుపోతాయి, పట్టుకున్న చెయ్యి వదలదు. తడి నేల, చెప్పుల్లేని కాళ్లు అయితే ఇక చెప్పక్కర్లేదు. రెండూ కంచెలే, ఒకటి భయపెట్టేది, ఇంకోటి చంపేది. ఈ తేడా తెలిసిన రైతు కూడా రెండోదానికి వెళ్తున్నాడంటే కారణం మొదటిదాని ఖర్చు. ఆ ఖర్చులో ప్రభుత్వం పెద్ద భాగం పెట్టాలి. అడవి జంతువును కాపాడాలన్న నిర్ణయం సమాజానిది అయినప్పుడు దాని ఖర్చు అడవి అంచున ఉన్న కౌలు రైతు ఒక్కడి నెత్తిన ఎందుకు పడాలి?

ఇంకో అభ్యంతరం కూడా నేను కొట్టిపారేయలేను. బాధ్యత ఇలా పెంచుకుంటూ పోతే రేపు చెరువులన్నిటికీ గోడలు కట్టాలా, చెట్టెక్కి పడినవాడికి కూడా పరిహారం ఇవ్వాలా? ఇంగ్లండ్‌లోనే 2003లో దీనికి జవాబు దొరికింది. ఈత నిషేధమని బోర్డులున్న సరస్సులో 18 ఏళ్ల కుర్రాడు లోతులేని చోట డైవ్ చేసి మెడ విరగ్గొట్టుకున్నాడు. మెడ నుంచి కిందికి ఒళ్లు చచ్చుబడిపోయింది. అతని దావా వీగిపోయింది. కంటికి కనిపించే ప్రమాదంలోకి తెలిసీ దూకే పెద్దవాళ్ల కోసం అందరి ఒడ్డునూ మూసేయనక్కర్లేదన్నారు. ఆ కుర్రాడి మీద జాలి వేసినా, ఆ తీర్పు సరైనదే అంటాను. చెరువు కనిపిస్తుంది. చీకట్లో మోకాలి ఎత్తున ఉన్న తీగ కనిపించదు. కార్పెట్ కింది సంపు కనిపించదు. గడ్డి మొలిచిన బోరు గొట్టం మూడేళ్ల పాపకు కనిపించినా అదేమిటో తెలియదు. దాగి ఉన్న ప్రమాదం, తెలియని వయసు, ఈ రెండు చోట్లే నేను గట్టిగా పట్టుబడుతున్నాను. చేను గట్టున "కరెంటు ఉంది, జాగ్రత్త" అని బోర్డు పెట్టామంటారా, రాత్రిపూట అది ఎవరు చదవాలి, చదువు రానివాళ్ల సంగతేమిటి?

పట్టా ఒకరిది, కేసు ఇంకొకరిది

ఈ కేసులన్నిటిలో నాకు అన్నిటికన్నా అన్యాయంగా తోచేది ఇది. మనిషి పోయినప్పుడు ఎఫ్‌ఐఆర్‌లో ఎక్కేది కౌలుదారు పేరు. పట్టాదారు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉంటాడు, అతనికి ఫోన్ కూడా వెళ్లదు. తీగ కట్టింది కౌలుదారే కాబట్టి క్రిమినల్ కేసు అతని మీదే ఉండాలి, నిజమే. కానీ ఆ పొలంలో మూత లేని బోరు, ఒర కూలిన బావి, తాటి దూలానికి వేలాడే మోటారు వైరు, ఇవన్నీ ఎవరివి? కౌలు డబ్బు ఠంచనుగా తీసుకునేవాడివి కావా?

పొలం రికార్డయిన పహాణీలో పట్టాదారు గడి పక్కన అనుభవదారు గడి ఉండేది. ధరణి వచ్చాక తెలంగాణలో దాన్ని ఎత్తేశారు. ఆంధ్రాలో 2019 చట్టం ప్రకారం కౌలుదారుకు కార్డు రావాలంటే యజమాని సంతకం కావాలి, చాలామంది పెట్టరు. అంటే పంట రుణానికి, బీమాకు, నష్టపరిహారానికి కౌలుదారు లేనట్టే. తెలంగాణలో రైతుబీమా అయిదు లక్షలు కూడా పట్టా ఉన్నవాళ్లకే. శవం లేచినప్పుడు మాత్రం అతను ఒక్కసారిగా ఉన్నట్టు అవుతాడు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఈ విషయంలో ఎంత జాగ్రత్తపరులో నేను కళ్లారా చూశాను. మంచు పడితే ఆఫీసుకు వెళ్లే ముందు పార పట్టుకుని ఇంటి ముందు కాలిబాట శుభ్రం చేస్తారు, ఉప్పు చల్లుతారు. పోస్టు తెచ్చేవాడు జారిపడితే దావా వేస్తాడని తెలుసు. ఈతకొలను ఉంటే చుట్టూ కంచె, తాళం. పిల్లల్ని ఆకర్షించే ప్రమాదం మన స్థలంలో ఉంటే, పిలవకుండా వచ్చిన పిల్లవాడికైనా మనదే పూచీ అన్న సూత్రం అక్కడ 1873లో ఒక రైల్వే టర్న్‌టేబుల్ కేసు నుంచీ నడుస్తోంది. దాని కోసం ఇంటి బీమాలోనే ఏర్పాటుంటుంది. ఇంత జాగ్రత్తగా ఉండే మనిషికి ఊళ్లో తాత ఇచ్చిన నాలుగెకరాల్లో ఒర లేని బావి ఉంటుంది. అది గుర్తు కూడా ఉండదు. అక్కడ చట్టం అడుగుతుంది, ఇక్కడ అడగదు. మనసులో తేడా ఏం లేదు.

కరెంటు సంస్థల్ని కూడా ఇందులోంచి వదిలిపెట్టలేం. రోడ్డు మీద పడిన తీగ తగిలి ఒకతను చనిపోయిన కేసులో, ఎవరో కరెంటు దొంగిలించడానికి వేసిన వైరు అది, మాకేం సంబంధం అని మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు వాదించింది. 2002లో సుప్రీంకోర్టు ఆ వాదన చెల్లదంది. అంత ప్రమాదకరమైనదాన్ని నడిపేవాళ్లు, తప్పు ఎవరిదైనా, పరిహారం ఇవ్వాల్సిందే అంది. ఏ లైను మీద కొండీలు పడతాయో ఏ లైన్‌మన్‌ను అడిగినా చెప్పగలడు.

కాబట్టి నేను అడిగే చట్టం చాలా చిన్నది. 1984 నాటి ఇంగ్లండ్ చట్టంలోని ఆ మూడు ప్రశ్నలు ఉండాలి. స్థలం ఎవరి చేతుల్లో ఉంటే వాళ్లతోపాటు, దాని మీద అద్దెగానీ కౌలుగానీ తీసుకునేవాళ్లు కూడా శాశ్వత ప్రమాదాలకు పూచీ పడాలి. క్రిమినల్ కేసు తేలేదాకా ఆగకుండా పరిహారం అందాలి, లేకపోతే పంచాయితీలో సాక్షులు మారిపోయి అంతా చప్పబడిపోతుంది. చట్టం వచ్చేదాకా ఆగలేక, బాబాయ్, నేను కౌలు కాగితంలో కొన్ని మాటలు రాసుకున్నాం. ఎల్‌టీ లైను నుంచి కంచెకు కరెంటు తీయకూడదు. ఎనర్జైజర్, బ్యాటరీ నేను కొనివ్వాలి, తీగ, కర్రలు ఆయనవి. పాత బోరు పూడ్పించడం నా బాధ్యత. పంది నష్టానికి కౌలులో తగ్గింపు ఉంటుంది. ఎంత తగ్గించాలన్న దగ్గర మాత్రం మా ఇద్దరికీ ఇంకా కుదరలేదు, ఆయన సగం అంటున్నాడు, నేను మూడో వంతు దగ్గర ఉన్నాను. విత్తనాలు పడేలోపు తేల్చుకోవాలి.